శ్రీపాద నీడ త్రికోణంగా ఎందుకుంటుంది?

గత జనవరిలో శ్రీలంకలోని శ్రీపాద కొండ ఒక్కడినే ఎక్కాను. ఎత్తు 2,243 మీటర్లు. నల్లతన్ని వైపు నుంచి సుమారు 5,500 మెట్లు. డిసెంబరు పౌర్ణమి నుంచి మేలో వచ్చే వెసాక్ దాకా యాత్రా కాలం. అప్పుడు దారిలో దీపాలు, టీ కొట్లు ఉంటాయి. పైన సూర్యోదయం చూడాలని జనం రాత్రే బయల్దేరతారు. మీరు వెళ్తే స్వెట్టర్ మర్చిపోకండి.

"ఫ్రెండ్స్‌తో వెళ్తున్నా" అని అమ్మకి అబద్ధం చెప్పాను. తెల్లవారుజామున మూడింటికి, మెట్లు నిటారుగా అయ్యాక, మోకాళ్లు వణికాయి. దిగిపోదామనుకున్నా. పక్కన ఒక ముసలమ్మ రెండు మెట్లెక్కి ఆగుతోంది, మళ్లీ ఎక్కుతోంది. నేనూ అదే లెక్క పట్టుకున్నా.

శిఖరం మీది పాదముద్ర బౌద్ధులకు బుద్ధుడిది, హిందువులకు శివుడిది, ముస్లింలు, క్రైస్తవుల్లో కొందరికి ఆదాముది.

తెల్లారగానే అందరూ పడమటికి తిరిగారు. పొగమంచు మీద కొండ నీడ, స్కేలు పెట్టి గీసినట్టు త్రికోణం! కొండ అంత సరైన త్రికోణం కాదు, మరి నీడ ఎలా?

అప్పుడే పొద్దు పొడిచింది కాబట్టి నీడ కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. రైలు పట్టాలు దూరంగా కలిసిపోయినట్టు కనిపిస్తాయి కదా, నీడ అంచులూ అంతే. కొండ ఏ ఆకారంలో ఉన్నా, శిఖరం మీద నిలబడి చూస్తే దాదాపు త్రికోణమే.

పైన గంట ఉంది. ఎన్నోసారి ఎక్కితే అన్నిసార్లు కొట్టాలి. నేను ఒక్కసారి కొట్టాను. తర్వాత అమ్మకి ఫోన్ చేసి నిజం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "కిందికి దిగాక మళ్లీ చెయ్యి" అంది.