కారు పక్క అద్దం కదలకపోతే...

మన హాస్టల్లో ఉంటూ ఐ.టి.ఐ.లో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు చదివి, ఇప్పుడు షెడ్డుల్లో పని చేసుకుంటున్న వాళ్లం మేము. తమ్ముళ్లకు పనికొచ్చేది ఏం రాద్దామా అనుకుంటే, మేము చేసిన తప్పే గుర్తుకొచ్చింది.

ఒక ట్యాక్సీ డ్రైవరన్న వచ్చాడు. స్విచ్ నొక్కినా ఎడమ అద్దం కదలడం లేదు. మోటారు కాలిపోయిందనుకుని అద్దం మొత్తం మార్పించాం. కొత్తదీ కదల్లేదు! తీరా చూస్తే తలుపు మడత దగ్గర వైరు తెగి ఉంది. అద్దం డబ్బు మా కూలిలోంచి తిరిగి ఇచ్చుకున్నాం.

అద్దం వెనుక రెండు చిన్న డి.సి. మోటార్లు ఉంటాయి. ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకూ తిప్పుతుంది. చాలా కార్లలో రెండింటికీ కలిపి మూడే వైర్లు. అందులో ఒకటి ఉమ్మడి. స్విచ్ ప్లస్, మైనస్‌లను తారుమారు చేస్తే మోటారు ఎదురు దిశకు తిరుగుతుంది.

లక్షణాన్ని బట్టి లోపాన్ని వెతకాలి:

1. రెండు అద్దాలూ కదలకపోతే: తాళం ఆన్‌లో ఉందా, ఎడమ-కుడి మీట మధ్యలో ఆగిపోయిందా చూడాలి. తర్వాత ఫ్యూజు, స్విచ్‌కు వచ్చే సప్లై, ఎర్తు. ఫ్యూజు పోతే అన్నే ఆంపియర్లది వేయాలి.

2. ఒక్క అద్దమే కదలకపోతే: తలుపుకూ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం విప్పి చూడాలి. తలుపు తీసి వేసినప్పుడల్లా వైర్లు అక్కడే వంగి తెగుతాయి.

3. పైకీ కిందికీ కదిలి, పక్కలకు కదలకపోతే: ఆ ఒక్క మోటారో, దాని వైరో, స్విచ్ కాంటాక్టో చూడాలి.

4. మోటారు చప్పుడు వస్తూ అద్దం కదలకపోతే: లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగినట్టే. అది కరెంటు లోపం కాదు.

మల్టీమీటరును 20 వోల్టుల డి.సి.లో పెట్టండి. అద్దం కనెక్టర్ విప్పి, ఒకరు స్విచ్ నొక్కుతుంటే ఇంకొకరు ఉమ్మడి వైరుకూ మోటారు వైరుకూ మధ్య కొలవండి. సుమారు 12 వోల్టులు వచ్చి, ఎదురు దిశకు నొక్కితే మైనస్ గుర్తు మారితే అనుమానం మోటారు మీదే. ఏమీ రాకపోతే లోపం వైరులోనో స్విచ్‌లోనో ఉంది.

అతికే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. కొత్త వైరు ముక్క వేసి, సోల్డరింగ్ అతుకులు వంగే చోటికి దూరంగా ఉంచి స్లీవు తొడగండి. పసుపు కనెక్టర్ కనిపిస్తే ముట్టుకోకండి. అది ఎయిర్ బ్యాగుది కావచ్చు.

తమ్ముళ్లూ, ముందు చూడండి, తర్వాత కొలవండి, ఆ తర్వాతే మార్చండి. బండి తెచ్చినవాడి సంపాదనా మన సంపాదన లాంటిదే.