పెంపుడు శునకము: అంత్యకాలమున మన ధర్మము

బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ వస్తు ప్రదర్శనశాలలో ఆతకూరు శాసనమను శిల కలదు. మండ్య జిల్లా నుండి తెచ్చిన ఈ శాసనము శక సంవత్సరము 872 నాటిది, అనగా క్రీ.శ. 949-50. దానిపై ఒక కుక్క అడవిపందితో పెనుగులాడుచున్నట్లు చెక్కియున్నది.

గంగరాజు రెండవ బూతుగుని కొలువులో మణలేరుడను వీరుడుండెను. అతని పరాక్రమమునకు మెచ్చి ప్రభువు వరము కోరుకొమ్మనగా, ఊళ్లను గాని బంగారమును గాని కోరక, ‘కాళి’ అను వేటకుక్కను కోరుకొనెను. ఆతకూరు సమీపమున ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడగా రెండును మరణించినవి. మణలేరుడు ఊరి శివాలయము ఎదుట కాళి పేర రాయి నిలిపి, భూమి దానమిచ్చి, పూజకు ఏర్పాటు చేసెను.

వేటను జైనుడు మెచ్చజాలడు. ఒక జీవిని మరియొక జీవిపైకి పురికొల్పుట హింసయే. అయినను వెయ్యేండ్లకు పూర్వమే ఒక యజమాని తన కుక్కను మరువరాదని తలచెనన్న సంగతి మన మనస్సును తాకును. కాని ఇచట ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఆ రాయి మణలేరుని దుఃఖమునకు ఊరట కలిగించియుండవచ్చును. కాళికి దానివలన కలిగిన మేలు ఏమి?

ఈ ప్రశ్నకు మన పురాణములలో చక్కని సమాధానమున్నది. అదియే జీవంధరుని కథ. వాదీభసింహుడు సంస్కృతమున క్షత్రచూడామణి, గద్యచింతామణి అను గ్రంథములలోను, తిరుత్తక్కదేవరు తమిళమున జీవకచింతామణిలోను ఈ కథను చెప్పిరి. మన పెనుగొండకు చెందిన భాస్కరకవి 1424లో దీనిని కన్నడమున ‘జీవంధర చరితె’గా రచించెను.

యజ్ఞమునకు సిద్ధపరచిన పదార్థమును ముట్టినదని కొందరు ఒక కుక్కను చావగొట్టిరి. ఆ దారిన వచ్చిన జీవంధరుడు దానిని బ్రతికింపజూచెను, సాధ్యము కాలేదు. అప్పుడతడు దాని చెంత కూర్చుండి, చెవిలో పంచనమస్కార మంత్రమును వినిపించెను. శాంతచిత్తముతో ప్రాణము విడిచిన ఆ కుక్క సుదర్శనుడను యక్షుడై జన్మించి, తరువాత జీవంధరుని ప్రాణము కాపాడెను. జీవంధరుడు ఆ కుక్కను పెంచినవాడు కాడు. దానివలన ఏ లాభమును పొందియుండలేదు. దారిలో కనిపించిన జీవికే అతడంత చేసినప్పుడు, పది పన్నెండేండ్లు మన గడప కాచిన జీవికి మనమెంత చేయవలెను?

కుక్క మనస్సుగల పంచేంద్రియ జీవి. అట్టి తిర్యంచజీవులు అణువ్రతములకు సైతము అర్హములని శాస్త్రము చెప్పుచున్నది. కావున దాని చివరి దినములు మన సౌకర్యమును బట్టి గడపవలసినవి కావు. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి: కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మితిమీరిన భారము మోపుట, అన్నపానములు నిరోధించుట. ముసలి కుక్కను మేడమీద మూలగదిలో గొలుసుతో బంధించి, దాని గిన్నె సంగతి మరచిన ఇల్లు, ఈ ఐదింటిలో రెండింటిని ఒకేసారి చేయుచున్నది. ఊరి చివర వదలివచ్చుట మరింత ఘోరము. ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడ.

ఇక కొందరు భక్తితో చేయు పొరపాటొకటి ఉన్నది. కుక్క తినుట తగ్గించగానే ‘ఇది సల్లేఖన పట్టినది’ అని నీరు కూడ పెట్టకుందురు. సల్లేఖన తెలిసి, కోరి స్వీకరించు వ్రతము. ఒకరిపై మరియొకరు మోపునది కాదు. కుక్క తనంతట తాను తినకున్న బలవంతముగా నోట కుక్కరాదు. కాని గిన్నెలో మంచినీరు దాని మూతికి అందునంత దూరమున ఎల్లప్పుడు ఉండవలెను.

అన్నింటికంటె కష్టమైనది సూది ప్రశ్న. ‘నయము కాదు, నిద్రపుచ్చుదుమా?’ అని వైద్యుడు అడిగినప్పుడు, తండ్రిది ఒక అభిప్రాయము, కొడుకుది మరియొక అభిప్రాయము కావచ్చును. ఈ వివాదము క్రొత్తది కాదు. 1928లో సబర్మతి ఆశ్రమమున నయము కాని బాధతో పడియున్న దూడకు గాంధీజీ విషపు సూది వేయించిరి. స్వార్థము లేక, బాధ తీర్చుటకే చేసినది గనుక అది అహింసయేనని వారు వాదించిరి. జైనులు పలువురు ఒప్పుకొనలేదు. ఇతర జీవి ఆయువును తెంచు హక్కు మనకు లేదని మన సంప్రదాయము. కాని ‘దాని కర్మ అది అనుభవించుచున్నది’ అని చేతులు కట్టుకొని కూర్చుండుటయు దయ కాదు. సూది వద్దన్నవాడు సేవకు పూనుకొనవలెను. రాత్రి మేలుకొనలేనివానికి వద్దనుటకు అర్హత తక్కువ. సూది కావలెనన్నవాడు తనను తాను ఒక మాట అడుగవలెను: నేను ముగింపదలచినది దాని బాధనా, చూడలేని నా బాధనా?

సేవయనగా ఏమి? నొప్పి తగ్గించు మందులు నేడు పశువైద్యుల వద్ద ఉన్నవి. 1958లో హెబ్బాళమున పశువైద్య కళాశాల ఏర్పడిన మన నగరమున సలహాకు కొదువ లేదు. మనము వాడు నొప్పి మాత్రలు కుక్కకు ఈయరాదు. ఇబుప్రొఫెన్ వంటివి దాని కడుపును, మూత్రపిండములను చెరచును. లేవలేని కుక్కకు మెత్తని పరుపు వేసి, పుండ్లు పడకుండ కొన్ని గంటలకొకసారి ప్రక్క మార్చవలెను. తడిసిన గుడ్డ వెంటనే తీయవలెను. తెలిసిన గొంతు, తెలిసిన చేయి దాని దగ్గర ఉండవలెను. తుది ఘడియలలో గోలచేసి ఏడ్వక, నెమ్మదిగా నమోకారము వినిపించవలెను. అర్థము దానికి తెలియునా అని సందేహింపనక్కరలేదు; మన కంఠములోని శాంతి దానికి తెలియును.

పిల్లలతో ‘ఎచటికో పారిపోయినది’ అని అబద్ధమాడరాదు. సత్యాణువ్రతమును వారు ఇంటనే నేర్చుకొనవలెను. కెంగేరి సమీపమున పీపుల్ ఫర్ యానిమల్స్ సంస్థవారి పెంపుడు జంతువుల శ్మశానము కలదు. పిల్లలను వెంట తీసికొనిపోవచ్చును.

దుఃఖము సహజము. కాని ఇష్టవియోగమువలన కలుగు ఎడతెగని చింతను శాస్త్రము ఆర్తధ్యానములలో చేర్చినది. అది కర్మబంధమునకు కారణము. దుఃఖమును అణచివేయుమని దీని అర్థము కాదు, దానికొక పని అప్పగించుమని అర్థము. చిక్కపేటలోను నగరత్‌పేటలోను క్రింద అంగడి, పైన కాపురముగా నున్న ఇండ్లు మనకెన్నో ఉన్నవి. ఆ అంగడి మెట్టుపై పండుకొని ఇన్నేండ్లు మన సరకు కాచిన జీవికి మనము జీతమీయలేదు. ఆ బాకీ ఖాతాలోనే ఉన్నది. ఆ మెట్టు ప్రక్కనే వీధికుక్కలకై ప్రతి ఉదయము ఒక మట్టిమూకుడులో నీరు పోయించి, పోయు పనిని ఇంటి పిల్లలకు అప్పగించుడు.