లయ తప్పిన గుండె

పాఠ్యభాగ ఉద్దేశం

వృద్ధాప్యంలో పలువురిని వేధించే గుండె లయలోపాన్ని గురించి శాస్త్రీయమైన అవగాహన కలిగించడం, ఇంట్లోని పెద్దల ఆరోగ్యం పట్ల విద్యార్థులలో శ్రద్ధను, బాధ్యతను పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి పలుకుబడులలో గుండెకు ఉన్న స్థానం మరే అవయవానికీ లేదు. భయం కలిగితే గుండె గుభేలుమంటుంది. దుఃఖం ముంచుకొస్తే గుండె చెరువవుతుంది. కష్టకాలంలో గుండె దిటవు చేసుకోవాలని పెద్దలు చెబుతారు. మనిషి మనసులోని ప్రతి కదలికనూ భాష గుండెకే అంటగట్టింది. శరీరశాస్త్రం దృష్టిలో మాత్రం గుండె చేసే పని ఒక్కటే. పిడికిలి పరిమాణంలో ఉండే ఈ కండరం నిమిషానికి సుమారు 70 సార్లు, రోజుకు లక్ష సార్లు ముడుచుకొని విచ్చుకొంటూ రక్తాన్ని దేహమంతటికీ పంపుతుంది. 75 ఏళ్లు నిండిన వృద్ధుని గుండె అప్పటికి 270 కోట్లకు పైగా స్పందించి ఉంటుంది. ఇంత సుదీర్ఘమైన సేవలో ఎక్కడో ఒకచోట లయ తప్పడం ఆశ్చర్యకరం కాదు. తప్పిన లయను గుర్తించకపోవడమే అపాయకరం.

గుండె లయను మణికట్టు దగ్గర పట్టి చూడడం భారతీయులకు కొత్త విద్య కాదు. శార్‌ఙ్గధర సంహిత నాడీ గమనాన్ని పాము నడకతోను, కప్ప గంతుతోను, హంస నడకతోను పోల్చి వర్ణించింది. ఆయుర్వేద వైద్యులు రోగి చేతిని పట్టుకొని కన్నులు మూసుకొని నాడిని పరీక్షించే దృశ్యం పల్లెల్లో నిన్నమొన్నటి వరకు సుపరిచితమే. వ్యాధులను వివరించే సిద్ధాంతాలు కాలానుగుణంగా మారాయి. కాని, నాడి సమంగా నడుస్తున్నదా, తడబడుతున్నదా అన్న ప్రశ్న నేటికీ అంతే విలువైనది.

గుండెలో నాలుగు గదులు ఉన్నాయి. పై రెండింటిని కర్ణికలనీ, కింది రెండింటిని జఠరికలనీ అంటారు. కుడి కర్ణిక గోడలో సిరాకర్ణికా కణుపు అనే చిన్న కణజాలం ఉన్నది. గుండెను నడిపించే విద్యుత్ప్రేరణ ఇక్కడే పుడుతుంది. దీనిని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు లోకానికి వెల్లడించారు. ఇక్కడ పుట్టిన ప్రేరణ కర్ణికలను ముడిపించి, మధ్యలో ఉన్న కర్ణికాజఠరికా కణుపు వద్ద క్షణకాలం ఆగి, తరువాత జఠరికలకు చేరుతుంది. ఈ రెండవ కణుపును 1906లో జపాన్ శాస్త్రజ్ఞుడు సునావో తవారా వివరించాడు.

కోలాటంలో నాయకుడు వేసే తాళానికి అందరి కోలలూ ఒక్కసారిగా తగిలినట్లు, ఆరోగ్యవంతమైన గుండెలోని కణాలన్నీ ఒకే ఆజ్ఞకు లోబడి పనిచేస్తాయి. నాయకుని తాళం వినబడక ఎవరికి తోచినట్లు వారు కోలలు వేయసాగితే ఆట చెదిరిపోతుంది. వృద్ధులలో తరచుగా కనిపించే లయలోపం సరిగ్గా ఇటువంటిదే. దీనిని వైద్యులు ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ అని వ్యవహరిస్తారు. తెలుగులో కర్ణికా ప్రకంపనం అని చెప్పుకోవచ్చు. ఈ స్థితిలో కర్ణికలలో నిమిషానికి 350 నుంచి 600 వరకు అస్తవ్యస్తమైన ప్రేరణలు పుడతాయి. అప్పుడు కర్ణికలు ముడుచుకోవు, కేవలం వణుకుతాయి. మధ్యనున్న కణుపు ద్వారపాలకుని వలె చాలా ప్రేరణలను అడ్డగించినా, కొన్ని ఒక క్రమం లేకుండా జఠరికలను చేరుతాయి. అందువల్ల నాడి ఒకసారి వడివడిగా, ఒకసారి ఆగి ఆగి, ఒకసారి బలంగా, ఒకసారి బలహీనంగా తగులుతుంది.

ఈ తడబాటును కాగితంపై చూపించిన ఘనత విల్లెం ఐంతోవెన్‌కు దక్కుతుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో ఆయన 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో రూపొందించిన ఇ.సి.జి. యంత్రం బరువు సుమారు 270 కిలోలు. దానిని నడపడానికి ఐదుగురు కావలసి వచ్చేది. రోగి తన రెండు చేతులను, ఒక కాలిని ఉప్పునీటి పాత్రలలో ఉంచి కూర్చొనేవాడు. ఈ కృషికి 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నేడు అదే పరీక్ష పట్టణంలోని చిన్న ఆసుపత్రిలో కూడా కొన్ని నిమిషాలలో పూర్తవుతుంది.

వయసు పెరిగేకొద్దీ ఈ లోపం ఎందుకు ఎక్కువవుతుంది? కాలక్రమంలో కర్ణికల గోడలలో నారవంటి కణజాలం పేరుకొంటుంది. ఏళ్ల తరబడి అదుపులో లేని రక్తపోటు కర్ణికలను సాగదీస్తుంది. మధుమేహం, స్థూలకాయం, నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం, మద్యపానం, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం కూడా ఇందుకు దోహదం చేస్తాయి. మన దేశంలో మరొక కారణం ఉన్నది. బాల్యంలో గొంతునొప్పితో మొదలై కీళ్లవాత జ్వరంగా పరిణమించే వ్యాధి గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. అటువంటివారికి వృద్ధాప్యం రాకమునుపే లయ తప్పవచ్చు.

ఈ వ్యాధి లక్షణాలు మోసపుచ్చేవి. కొందరికి గుండెదడ, ఆయాసం, తలతిరుగుడు, నిస్సత్తువ కలుగుతాయి. మరికొందరికి ఏ బాధా ఉండదు. నాలుగు మెట్లెక్కి ఆయాసపడే తాతగారిని చూసి ఇంటిల్లిపాదీ ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకొంటారు. ఆయన కూడా అదే నమ్ముతారు. వయసు వల్ల వచ్చిన అలసట ఏదో, వైద్యంతో తగ్గే అలసట ఏదో పరీక్షించనిదే తెలియదు.

అసలు ప్రమాదం గుండెదడలో లేదు. పారే నీరు తేటగా ఉంటుంది, నిలిచిన నీటిలో నాచు పడుతుంది. వణుకుతున్న కర్ణికలో రక్తం పూర్తిగా కదలక నిలిచిపోతుంది. ముఖ్యంగా ఎడమ కర్ణికకు అంటుకొని ఉన్న చిన్న సంచి వంటి భాగంలో అది గడ్డకడుతుంది. ఆ గడ్డ ఎప్పుడో ఒకనాడు కదిలి, రక్తప్రవాహంతో పైకి సాగి, మెదడులోని ధమనిని మూసివేస్తే పక్షవాతం వస్తుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన సుప్రసిద్ధ పరిశోధన ఈ విషయాన్ని స్పష్టపరచింది. 1991లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం ఈ లయలోపం ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం దాదాపు ఐదు రెట్లు అధికం. 50 నుంచి 59 ఏళ్ల వారి పక్షవాతాలలో ఈ లోపం వల్ల కలిగేవి నూటికి 1.5 మాత్రమే కాగా, 80 నుంచి 89 ఏళ్ల వారిలో 23.5. ఒక్క ఉదయంలో మాట పడిపోయి, కుడిచేయి చచ్చుబడి, అంతవరకు ఇంటికి పెద్దదిక్కుగా ఉన్న మనిషి పరాధీనుడు కావడం వెనుక ఎవరూ గమనించని నాడీ దోషం ఉండి ఉండవచ్చు.

ఈ ప్రమాదాన్ని నివారించే ఔషధం కథ విచిత్రమైనది. 1920వ దశకంలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన క్లోవర్ గడ్డిని మేసిన పశువులు ఆగని రక్తస్రావంతో మరణించసాగాయి. 1933 చలికాలంలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఒక రైతు చనిపోయిన పెయ్యను, ఆ గడ్డిని, పాలడబ్బాలో గడ్డకట్టని రక్తాన్ని వెంటబెట్టుకొని మంచుతుఫానులో విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడి రసాయనశాస్త్రజ్ఞుడు కార్ల్ పాల్ లింక్, ఆయన శిష్యులు ఏళ్ల తరబడి శ్రమించి, రక్తాన్ని గడ్డకట్టనీయని పదార్థాన్ని ఆ గడ్డి నుంచి వేరుచేశారు. ఆ పరిశోధన నుంచే వార్ఫరిన్ పుట్టింది. 1948లో అది ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది, 1954లో మనుషుల చికిత్సకు అనుమతి పొందింది. రైతు దుఃఖం నుంచి పుట్టిన మందు లక్షలాది వృద్ధులకు రక్షణ కవచమైంది. ఇటువంటి మందులు పక్షవాతం ముప్పును సుమారు మూడింట రెండు వంతులు తగ్గిస్తాయి. ఆస్పిరిన్ ఈ పనికి చాలదు.

మందు ఎంత శక్తిమంతమైనదో అంత జాగ్రత్తను కోరుతుంది. వార్ఫరిన్ వాడేవారు ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్షను క్రమం తప్పక చేయించుకోవాలి. సాధారణంగా దాని విలువ 2, 3 మధ్య ఉండాలి. తగ్గితే రక్తం గడ్డకట్టే ముప్పు, పెరిగితే రక్తస్రావం ముప్పు. ఆకుకూరలలోని ‘కె’ విటమిన్ ఈ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. అంతమాత్రాన పాలకూరను, తోటకూరను శాశ్వతంగా మానుకోవలసిన పనిలేదు. ఒక వారం విపరీతంగా తిని, మరొక వారం పూర్తిగా మానకుండా, ప్రతివారం ఇంచుమించు ఒకే మోతాదులో తీసుకొంటే సరిపోతుంది. 2010 తరువాత ఇటువంటి తరచు పరీక్షలు అవసరం లేని కొత్త మందులు వచ్చాయి. అయితే, కీళ్లవాత జ్వరం వల్ల కవాటం బాగా ఇరుకైనవారికి పాత మందులే మేలు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలలో సుమారు 4,500 మందిపై జరిగి 2022లో వెలువడిన పరిశోధన దీనిని బలపరచింది.

గుండె వేగాన్ని తగ్గించే మందులు, లయను సరిదిద్దే మందులు వేరుగా ఉన్నాయి. అస్తవ్యస్త ప్రేరణలు చాలావరకు ఊపిరితిత్తుల నుంచి రక్తాన్ని తెచ్చే సిరల మొదళ్లలో పుడుతున్నాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగర వైద్యులు కనుగొన్నారు. నాటి నుంచి సన్నని గొట్టాన్ని రక్తనాళం గుండా పంపి ఆ చోటును వేరుచేసే చికిత్స వ్యాప్తిలోకి వచ్చింది. గుండె మరీ నెమ్మదించినవారికి పేస్‌మేకర్ తోడ్పడుతుంది. 1958లో స్వీడన్‌లో తొలిసారిగా దానిని దేహంలో అమర్చుకొన్న ఆర్నె లార్సన్ 2001 వరకు, అంటే 86 ఏళ్ల వయసు వరకు జీవించాడు.

లయలోపం బయటపడినంత మాత్రాన జీవితం ముగిసినట్లు కాదు. అమెరికా అధ్యక్షుడు జార్జి హెచ్. డబ్ల్యు. బుష్‌కు 1991 మే నెలలో పరుగెత్తుతుండగా ఆయాసం వచ్చింది. పరీక్షలో కర్ణికా ప్రకంపనమని తేలింది. దానికి మూలం థైరాయిడ్ వ్యాధి అని వైద్యులు గుర్తించి చికిత్స చేశారు. అప్పుడాయన వయసు 66. తన 90వ పుట్టినరోజున ఆయన పారాచూట్‌తో ఆకాశం నుంచి దూకాడు. 2018లో 94వ ఏట కన్నుమూశాడు. అందరూ ఆకాశం నుంచి దూకనక్కరలేదు. ఉదయం గుడికో తోటకో నడిచి వెళ్లి, మనవలతో ముచ్చటించి, కంటినిండా నిద్రపోగలిగితే చాలు.

అందుకు కొన్ని నియమాలు పాటించాలి. రక్తపోటును, మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవాలి. బరువు తగ్గించుకోవాలి. మద్యపానం మానాలి. వైద్యుని సలహాపై ప్రతిదినం నడవాలి. పలుచన చేసే మందును ఒకపూట మరచిపోతే మరుపూట రెండు మోతాదులు కలిపి వేసుకోరాదు. కీళ్లనొప్పులకు దుకాణంలో తోచిన మాత్ర కొని వాడితే రక్తస్రావం కలగవచ్చు. పన్ను తీయించుకొనే ముందు దంతవైద్యునికి ఈ మందు సంగతి చెప్పాలి. ఒంట్లో బాగున్నదని సొంతంగా మందు ఆపడం అన్నిటికంటె పెద్ద పొరపాటు. బాధ లేకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు.

ఈ విషయంలో విద్యార్థులు చేయగలిగిన సాయం చిన్నది కాదు. నానమ్మ మణికట్టుపై బొటనవేలి మొదట రెండు మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం నాడిని లెక్కించాలి. పరీక్షించేవారు తమ బొటనవేలిని వాడరాదు. దానిలోని స్పందనే లెక్కను తప్పించవచ్చు. నాడి క్రమం లేకుండా తగిలితే భయపెట్టక, ఆలస్యం చేయక ఇ.సి.జి. తీయించాలి. మూతి వంకరపోవడం, ఒక చేయి పైకి లేవకపోవడం, మాట తడబడడం పక్షవాత లక్షణాలు. వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది. ‘తెల్లవారనీ, చూద్దాం’ అనుకొన్న రాత్రి తిరిగి రాదు.

బిడ్డకు జ్వరం వస్తే రాత్రంతా నుదుటిపై చేయి వేసి కూర్చొన్నవారు నేటి వృద్ధులు. ఆ చేతిని ఒక్క నిమిషం పట్టుకొని నాడి చూడడం ఋణం తీర్చుకోవడం కాకపోవచ్చు. కాని, ఆ నిమిషం వారి మాటను, నడకను, స్వతంత్రతను కాపాడగలదు.

కఠిన పదాలు – అర్థాలు

దిటవు = ధైర్యం, గట్టితనం
ప్రేరణ = పురికొల్పు
అస్తవ్యస్తం = క్రమం లేనిది
కవాటం = తలుపు; గుండెలో రక్తం వెనుకకు రాకుండా ఆపే పొర
పరాధీనుడు = ఇతరులపై ఆధారపడినవాడు
నిస్సత్తువ = బలం లేకపోవడం
ఇంటిల్లిపాది = ఇంట్లోని వారందరూ

వ్యాసరూప ప్రశ్నలు

1. కర్ణికా ప్రకంపనం వల్ల పక్షవాతం ఏ విధంగా కలుగుతుందో వివరించండి.
2. లయలోపం ఉన్న వృద్ధులు పాటించవలసిన నియమాలను, కుటుంబసభ్యుల బాధ్యతను చర్చించండి.

సంగ్రహరూప ప్రశ్నలు

1. వార్ఫరిన్ ఔషధం పుట్టుకను తెలపండి.
2. గుండె స్పందనను కోలాటంతో పోల్చడంలోని ఔచిత్యమేమి?
3. ‘బాధ లేకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.