కొబ్బరికాండమును తొలుచు ఎఱ్ఱ ముక్కుపురుగు

మండవల్లి ప్రాంతమున చేపల చెరువుల గట్లమీదను, ఇండ్ల పెరళ్లలోను కొబ్బరిచెట్లు పెంచుచున్నారు. నిండుకాపు మీదనున్న చెట్టు మొవ్వు ఒకనాడు ప్రక్కకు వాలును. గాలివాన లేదు, పిడుగు లేదు. మొవ్వును పట్టి లాగినచో చేతికి ఊడివచ్చును, లోపలినుండి దుర్గంధము వెడలును. రైతు దీనిని ఆ వారమున వచ్చిన తెగులని తలచును. కాని చెట్టు నెలల క్రిందటనే లోపల గుల్లయైనది.

ఈ పనిచేయునది ఎఱ్ఱ ముక్కుపురుగు. పెద్ద పురుగు బొటనవ్రేలి కణుపంత యుండును. ఎఱుపు కలిసిన గోధుమవర్ణము, వంగిన పొడవు ముక్కు. మగదాని ముక్కుపై వెండ్రుకల కుచ్చు గలదు. ఆడుపురుగు చెట్టు గాయములలో రెండువందలకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. మూడు నాలుగు దినములలో పిల్ల వెడలును. దానికి కాళ్లు లేవు, దవడలు మాత్రము బలిష్ఠములు. రెండు నెలలకు అటునిటుగా మెత్తని కాండమును తిని, పిదప పీచుతో గూడు చుట్టుకొని, రెండు మూడు వారములకు పెద్ద పురుగై బయటికి వచ్చును. కొన్ని తరములు ఒకే చెట్టులో గడచుటయు గలదు. ఐదు మొదలు ఇరువది యేండ్ల చెట్లే దీనికి మిక్కిలి ప్రియము.

ఇది మన దేశపు పురుగే. అలంకారమునకై నాటు తాటిజాతి మొక్కలతోను, ఖర్జూరపు పిలకలతోను ఓడలెక్కి, 1980వ దశకమున పారసీక సింధుశాఖ తీరదేశములను, 1992లో ఈజిప్టును, ఆ దశకముననే స్పెయినును చేరెను. అచ్చట వీథులకు శోభనిచ్చు కనరీ ఖర్జూరవృక్షములు వేలకొలది కూలినవి. కావున ఉద్యానమునకై దూరమునుండి తెచ్చిన తాటిజాతి మొక్కను పరీక్షింపక నాటరాదు.

చెట్టు లోపలి బాధను ముందుగా తెలుపు గుర్తులు కొన్ని గలవు. కాండముమీద చిన్న రంధ్రములు, వానినుండి కారు గోధుమవన్నె జిగట, నమిలిన పీచు కనబడును. నిశ్శబ్దముగా నున్న వేళ కాండమునకు చెవి యానించినచో పిల్లపురుగులు కొఱుకు చప్పుడు వినబడును.  ఈ దశలో ఉద్యానశాఖాధికారికి చూపి మందు వేయించినచో చెట్టు దక్కవచ్చును. మొవ్వు వాలిన పిదప దక్కదు.

గాయము లేనిచో పురుగునకు చోటు దొరకుట కష్టము. చెట్టెక్కుటకు కాండమున మెట్లు నఱకుట, పచ్చిమట్టను మొదలంట కోయుట మానవలెను. పచ్చిమట్ట తీయక తప్పనిచో కాండమునుండి నాలుగడుగుల తొడిమ విడిచి కోయవలెను. తగిలిన గాయమునకు వెంటనే తారు పూయవలెను. కొమ్ముపురుగు మొవ్వున చేయు రంధ్రమే పలుమారు ముక్కుపురుగునకు ద్వారమగును. ఆ కొమ్ముపురుగు పెరుగునది పెంటకుప్పలోను, కుళ్లిన మొద్దులలోను గనుక వానిని తిరుగవేసి, తెల్లని పిల్లపురుగులను ఏరి చంపవలెను.

మగపురుగు వెలువరించు గంధమును శాస్త్రజ్ఞులు 1993లో గుర్తించిరి. ఆ గంధమునుంచిన బకెట్టు బోను ఆడు మగ రెంటిని ఆకర్షించును; హెక్టారునకు ఒకటి చాలును. అయితే నీరెండిన బోను, ఎఱ మార్చని బోను, తోటలోనికి పురుగులను పిలుచుటకే పనికివచ్చును. ఒక్కరు పెట్టుటకంటె గ్రామమంతయు కలిసి పెట్టుట మేలు.

చచ్చిన చెట్టును గట్టుమీద విడిచిపెట్టుట మిక్కిలి హాని. దానిని నఱికి, నిలువున చీల్చి, గూళ్లతో సహా అచ్చటనే కాల్చవలెను. కాల్చుటకు ముందు ఆ మొద్దులను వంతెనకో, పాకకో తరలింపరాదు. పురుగులు వానితోనే ప్రక్కతోటకు పోవును.