పాత్ర బోర్లించిన భిక్షువులు, సంచిలో కెమెరాలు



అబద్ధం ఆడనని నాలుగో శీలంలో రోజూ చెప్పుకుంటున్నాం. మరి కళ్ళెదుట అన్యాయం జరుగుతుంటే నోరు మూసుకుంటే ఆ శీలం నిలిచినట్టేనా? ‘బర్మా వీజే’ అనే డాక్యుమెంటరీ ఆధారంగా ఆలోచిద్దాం. ఆండర్స్ ఓస్టర్‌గార్డ్ తీసిన ఈ సినిమా 2008లో వచ్చింది.

బర్మా మనకు కొత్త కాదు. 1954 డిసెంబరులో రంగూన్‌లో జరిగిన ప్రపంచ బౌద్ధ సమ్మేళనానికి బాబాసాహెబ్ వెళ్ళారు. ఆ దేశం 1962లో సైన్యం చేతిలోకి పోయింది. 2007 ఆగస్టులో పాలకులు ఇంధనం ధరలు ఒక్కసారిగా పెంచేశారు. బస్సు చార్జీలు కట్టలేక జనం అల్లాడిపోయారు. సెప్టెంబరు 5న పకొక్కు పట్టణంలో ఊరేగింపు తీసిన భిక్షువులను సైనికులు కొట్టారు. క్షమాపణ అడిగినా పాలకులు చెప్పలేదు. దాంతో భిక్షువులు పాత్ర బోర్లించారు. అంటే, పాలకుల దానం ఇక ముట్టబోమన్నారు.

ఇది వినయ పిటకంలో ఉన్న పద్ధతే. వడ్ఢుడనే లిచ్ఛవి ఒక భిక్షువు మీద లేనిపోని నింద వేశాడు. అతని విషయంలో పాత్ర బోర్లించమని బుద్ధుడు సంఘానికి చెప్పాడు. తప్పు ఒప్పుకున్నాక పాత్రను మళ్ళీ నిలబెట్టారు. గమనించండి: అబద్ధానికి జవాబు దెబ్బ కాదు, నిరాకరణ. మారడానికి దారి మాత్రం తెరిచే ఉంటుంది.

భిక్షువులు మెత్త సుత్తం పఠిస్తూ రంగూన్ వీధుల్లో నడిచారు. వేలాదిమంది వాళ్ళ వెంట నడిచారు. దీన్ని లోకానికి చూపింది ‘డెమోక్రాటిక్ వాయిస్ ఆఫ్ బర్మా’ విలేకరులు. చిన్న కెమెరాలు సంచుల్లో దాచుకుని తీశారు. ఆ దృశ్యాలు నార్వేలోని ఓస్లోకు చేరి, అక్కడినుంచి ఉపగ్రహం ద్వారా తిరిగి బర్మా ఇళ్ళలోకే వచ్చాయి. సినిమాలో కథ చెప్పే ‘జాషువా’ది మారుపేరు. కొన్ని సన్నివేశాలు మళ్ళీ నటింపజేసి తీసినవని సినిమావాళ్ళే చెప్పారు.

సెప్టెంబరు 27న జపాన్ విలేకరి కెంజీ నగాయ్ తూటాకు బలయ్యారు. అది ప్రమాదమని పాలకులన్నారు. సైనికుడు దగ్గరినుంచే కాల్చాడని వీడియో చూపింది. పట్టుబడిన విలేకరులు జైలుపాలయ్యారు.

ఇంకో నిజం కూడా దాచకూడదు. తర్వాతి ఏళ్ళలో అదే దేశంలో కొందరు భిక్షువులు రోహింగ్యా ముస్లింల మీద ద్వేషం నూరిపోశారు. చీవరం కట్టినంత మాత్రాన ధమ్మం రాదు. మనవాళ్ళు తప్పుచేసినా తప్పనే అనాలి.

ధమ్మానికి ‘ఏహిపస్సికో’ అనే గుణం ఉంది. వచ్చి నువ్వే చూడు అని దానర్థం. ఆ విలేకరులు చేసింది అదే: లోకాన్ని పిలిచి చూపారు.

మనందరి చేతిలో ఇప్పుడు ఫోను ఉంది. పేటలో దాడి జరిగితే చూసిందే చెబుదాం, చూడనిది చేర్చకుండా చెబుదాం. బాధితుల అనుమతి లేకుండా వాళ్ళ ముఖాలు బయటపెట్టొద్దు. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వస్తే భయానికో, డబ్బుకో మాట మార్చొద్దు. ఒక్కరికి భయమైతే పదిమందిమి వెంట వెళ్దాం. సంఘం శరణం అంటున్నది అందుకే కదా!

ఆదివారం విహారంలో చర్చించండి: మనం ఎవరి దానం ముందు పాత్ర బోర్లించాలి?

నమో బుద్ధాయ.