ఫైర్ టీములో కొత్తగా చేరినవారికి: ప్రొబేషన్ కాలం

మీరు యు.ఎ.ఇ.లో ఏదైనా కంపెనీ ఫైర్ టీములో ఫైర్‌మన్‌గా గానీ, వెల్డింగ్ పని దగ్గర నిలబడే ఫైర్ వాచర్‌గా గానీ చేరితే, మొదట్లో ప్రొబేషన్‌లో ఉంటారు. చట్టం ప్రకారం ఇది 6 నెలలకు మించకూడదు. అదే యజమాని దగ్గర రెండోసారి ప్రొబేషన్ పెట్టకూడదు. పూర్తయ్యాక ఆ నెలలు కూడా మీ సర్వీసులో కలుస్తాయి.

ఈ నెలల్లో మంటలు ఆర్పడం కన్నా సామాను చూసుకోవడమే ఎక్కువ. గొట్టాలు ఆరబెట్టి చుట్టాలి. ఎక్స్‌టింగ్విషర్ ముల్లు పచ్చ భాగంలో ఉందో లేదో చూడాలి. వెల్డింగ్ ఆగిపోయినా ఫైర్ వాచర్ వెంటనే కదలకూడదు. కనీసం అరగంట, సైటు పర్మిట్‌లో గంట అని రాసి ఉంటే గంట అక్కడే ఉండాలి. రవ్వ ఎక్కడో దాగి, అందరూ భోజనానికి వెళ్ళాక అంటుకుంటుంది. ఊళ్ళో గడ్డివాము అంటుకుంటే బిందెతో పరిగెత్తుతాం. ఇక్కడ అలా చెయ్యొద్దు. నూనె మంట మీద, కరెంటు మంట మీద నీళ్ళు పోయకూడదు.

గాలి సిలిండర్ మాస్కు విషయంలో మొహమాటం వద్దు. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి సరిగా అతుక్కోదు, పొగ లోపలికి వస్తుంది. అయ్యప్ప మాల వేసుకునేవారు ముందే ఫోర్‌మన్‌కు చెప్పి, మాస్కు అవసరం లేని డ్యూటీ అడగండి. మాస్కు లీకవుతున్నా, ఊపిరి ఆడకపోయినా "కొత్తవాణ్ణి, చెబితే ఇంటికి పంపేస్తారేమో" అని దాచేవాళ్ళు ఉన్నారు. అప్పు చేసి వచ్చినవాడికి ఆ భయం సహజమే. కానీ దాచితే ప్రమాదం మీ ఒక్కరికే కాదు, మిమ్మల్ని బయటికి లాగడానికి లోపలికి వచ్చేవాడికి కూడా.

ప్రొబేషన్‌లో ఉన్నా మిమ్మల్ని ఉన్నపళంగా తీసెయ్యడానికి వీల్లేదు. యజమాని 14 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మీరు ఇంటికి వెళ్ళిపోదలిస్తే మీరూ 14 రోజుల నోటీసు ఇవ్వాలి. ఈ దేశంలోనే వేరే కంపెనీకి మారాలంటే ఒక నెల. నోటీసు ఇవ్వకుండా దేశం వదిలి వెళితే ఏడాదిపాటు కొత్త వర్క్ పర్మిట్ రాదు.

జ్వరం వచ్చి సెలవు పెడితే ప్రొబేషన్‌లో జీతం ఇవ్వాలన్న హక్కు లేదు. పనిలో కాలినా, దెబ్బ తగిలినా అది వేరు: వైద్యం ఖర్చు యజమానిదే, చికిత్స సాగినంత కాలం, గరిష్టంగా 6 నెలలు, పూర్తి జీతం కూడా ఇవ్వాలి. అందుకే గాయం చిన్నదైనా అదే రోజు రిపోర్టు రాయించండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. "బాత్రూంలో జారిపడ్డాను" అని రాయమంటే సంతకం పెట్టకండి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి.

అగ్నిప్రమాదానికి ఫోన్ 997. జీతం, నోటీసు, గాయం విషయాల్లో సలహాకు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం: 800 46342. ఫోన్ చేసేటప్పుడు అగ్రిమెంటు కాపీ చేతిలో పెట్టుకోండి.