ఊపిరితిత్తుల రక్తపోటు: ఒకదానితో ఒకటి పొసగని మందులు

గుండె కుడి భాగం నుండి రక్తం ఊపిరితిత్తులకు పోయి, అచ్చట గాలిని గ్రహించి, ఎడమ భాగానికి తిరిగి చేరునని మొట్టమొదట వ్రాసి ఉంచినవాడు ఇబ్న్ అల్-నఫీస్. డమాస్కస్‌లో వైద్యవిద్య నేర్చి, కైరోలో ప్రసిద్ధ వైద్యుడై, 1288లో అచ్చటనే కన్నుమూసిన ఈ మహనీయుడు, ఇబ్న్ సీనా రచించిన ‘ఖానూన్’లోని శరీర నిర్మాణ భాగానికి 1242లో వ్యాఖ్యానం వ్రాసినాడు. గుండె మధ్యగోడలో కంటికి కనబడని రంధ్రాలు గలవని గాలెన్ కాలం నుండి సాగుచున్న అభిప్రాయాన్ని అందులో ఆయన త్రోసిపుచ్చినాడు. విలియం హార్వే గ్రంథం 1628లో వెలువడుటకు దాదాపు నాలుగు శతాబ్దాల ముందటి మాట ఇది. ఆయన చూపిన ఆ మార్గంలోనే సంభవించు ఒక వ్యాధిని గూర్చి, అంతకన్న ముఖ్యంగా ఆ వ్యాధికి ఇచ్చు మందులు ఇతర మందులతో కలిసినప్పుడు కలుగు ప్రమాదాన్ని గూర్చి మేము ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

గుండె నుండి ఊపిరితిత్తులకు రక్తాన్ని కొనిపోవు నాళం పుపుస ధమని. ఆరోగ్యవంతుని విశ్రాంత స్థితిలో ఇందలి సగటు పీడనం సుమారు 14 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. అది 20ని మించినచో ఊపిరితిత్తుల రక్తపోటు అందురు. 2018 వరకు ఈ హద్దు 25గా ఉండెడిది. చేతికి పట్టీ చుట్టి కొలుచు రక్తపోటు వేరు, ఇది వేరు. దీనిని నిశ్చయంగా కొలుచుటకు సన్నని గొట్టాన్ని రక్తనాళం ద్వారా గుండె కుడి భాగంలోనికి పంపవలసి యుండును. కుడి జఠరిక గోడ సహజంగా పలుచన. అధిక పీడనానికి ఎదురుగా రక్తాన్ని నెట్టి నెట్టి అది అలసిపోవును. మెట్లెక్కిన ఆయాసం, కాళ్ళవాపు, ఛాతీలో నొప్పి, ఒక్కొక్కప్పుడు స్పృహ తప్పుట దీని లక్షణాలు.

ఈ వ్యాధికి కారణాలు పెక్కు. మేమిచట చెప్పు మందులు ముఖ్యంగా పుపుస ధమనుల సన్నని శాఖలు బిగుసుకొని ఇరుకగుట వలన కలుగు రకానికి వాడునట్టివి. ఇవి పనిచేయు విధం తెలిసినచో ప్రమాదం ఎచ్చట దాగియున్నదో సులభంగా బోధపడును.

రక్తనాళపు లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును ఉత్పత్తి చేయును. దీనిని గూర్చిన పరిశోధనకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి లభించినది. ఈ వాయువు నాళపు కండరంలో సైక్లిక్ జి.ఎమ్.పి. అను పదార్థాన్ని పెంచును. అది పెరిగిన కొలది కండరం సడలి, నాళం విచ్చుకొనును. పనిముగిసిన ఆ పదార్థాన్ని పి.డి.ఇ.-5 అను ఎంజైము విరిచివేయును. దీనిని ఒక నీటి తొట్టితో పోల్చవచ్చును. నైట్రిక్ ఆక్సైడ్ నీరు వదలు కుళాయి. ఎంజైము నీరు బయటకు పోవు తూము. సిల్డెనాఫిల్, టడలాఫిల్ అను మందులు తూమును మూయును. రియోసిగ్వాట్ అను మందు కుళాయిని మరింత త్రిప్పును. గుండెపోటు భయంతో నాలుక క్రింద ఉంచుకొను నైట్రోగ్లిసరిన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ మాత్రలు చేయునది కూడ కుళాయి త్రిప్పుటయే.

తూము మూసి కుళాయి త్రిప్పినచో తొట్టి పొంగక మానదు. అట్లే ఈ రెండు తెగల మందులు కలిసినచో శరీరమందలి నాళాలన్నియు ఒక్కసారిగా సడలి, రక్తపోటు ప్రాణాంతకంగా పడిపోవచ్చును. అప్పటికే అలసియున్న కుడి జఠరికకు దాని పోషణకు కావలసిన రక్తం సైతం అందదు. కావుననే సిల్డెనాఫిల్ పుచ్చుకొన్న తరువాత కనీసం 24 గంటలు, టడలాఫిల్ తరువాత 48 గంటలు గడువనిదే నైట్రేటు మందు ఇవ్వరాదని నియమం. ఈ వ్యాధికి సిల్డెనాఫిల్‌ను దినమునకు మూడుమార్లు వాడుదురు. అట్టి రోగికి ఆ వ్యవధి ఎన్నడును దొరకదు. రియోసిగ్వాట్‌ను కూడ ఈ రెండింటితో కలుపుట నిషిద్ధం.

ఈ వ్యాధిగ్రస్తులకు ఛాతీనొప్పి సామాన్యమని పైన చెప్పితిమి. నొప్పి రాగానే, ఇంటిలోని పెద్దవారి మాత్రనో, పొరుగింటివారి మాత్రనో తెచ్చి నాలుక క్రింద ఉంచుట మన ప్రాంతంలో అలవాటు. సదుద్దేశంతో చేసిన ఆ ఉపకారమే అపకారం కావచ్చును.

ఇందు మరియొక చిక్కు గలదు. సిల్డెనాఫిల్ 1998లో పురుషుల లైంగిక బలహీనతకు మందుగా అమెరికాలో ఆమోదం పొందినది. ఊపిరితిత్తుల రక్తపోటుకు 2005లో ఆమోదింపబడినది. మొదటి ఉపయోగం వలన వచ్చిన పేరు దానిని వదలలేదు. అందుచేత దీనిని వాడు స్త్రీలు, పురుషులు కూడ మరొక వైద్యుని ఎదుట మందు పేరు చెప్పుటకు సంకోచింతురు. మూలికా ఔషధములని, బలవర్ధకములని అమ్ము కొన్ని సరకులలో సిల్డెనాఫిల్‌ను రహస్యంగా కలిపినట్లు పలుమార్లు పరీక్షలలో బయటపడినది. తాను ఏమి మింగినాడో తెలియని మనిషి వైద్యునికి ఏమని చెప్పగలడు?

రెండవ విధమైన ప్రమాదం కాలేయంలో జరుగును. మనము మింగిన అనేక మందులను సైటోక్రోమ్ పి-450 అను ఎంజైముల కుటుంబం కరగించివేయును. కొన్ని మందులు ఈ ఎంజైములను విజృంభింపజేయును, మరికొన్ని అణచివేయును. క్షయరోగానికి ఇచ్చు రిఫాంపిసిన్ మొదటి తెగలోనిది. ఇది వాడుచున్నవారిలో టడలాఫిల్ మోతాదు ప్రభావం రక్తంలో 88 శాతం తగ్గినట్లు పరీక్షలలో తేలినది. అనగా మందు మింగినను మింగనట్లే. పట్టణంలో గుండె వైద్యుని వద్ద టడలాఫిల్ వాడుచున్న ఒక తల్లికి స్వగ్రామంలో క్షయ సోకినదనుకొందము. రెండు చీటీలును వేటికవి సరియైనవే. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు లేరు. ఆయాసం తిరిగి పెరిగినప్పుడు ఇంటివారు క్షయ ముదిరినదని తలంతురు. మరి క్షయ చికిత్స ముగిసిన కొన్ని వారాలకు ఎంజైములు యథాస్థితికి వచ్చును గనుక, నడుమ పెంచిన మోతాదులను మరల సరిచూడవలెను.

దీనికి విరుద్ధంగా రిటోనవిర్ అను మందు ఎంజైమును అణచి, సిల్డెనాఫిల్‌ను సుమారు పదకొండు రెట్లు పెంచును. ఇది హెచ్.ఐ.వి. చికిత్సలోను, కోవిడ్‌కు ఇచ్చిన ఒక జంట మందులోను కలదు. బూజు తెగుళ్ళకు వాడు కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్, సూక్ష్మజీవి నాశకములైన ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ కూడ తమతమ స్థాయిలో ఇట్టి పనియే చేయును.

నాళాలను బిగించు ఎండోథీలిన్‌ను అడ్డు బోసెంటాన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇది సిల్డెనాఫిల్‌ను తగ్గించును; సిల్డెనాఫిల్ దీనిని పెంచును. అయినను వైద్యులు తెలిసి, పరీక్షలు చేయించుచు, ఈ రెండింటిని కలిపి ఇచ్చుట కలదు. మధుమేహానికి వాడు గ్లిబెన్‌క్లమైడ్‌తో బోసెంటాన్ కలిసినచో కాలేయం దెబ్బతినును. అవయవ మార్పిడి చేయించుకొన్నవారు వాడు సైక్లోస్పోరిన్‌తో కలిసినచో బోసెంటాన్ రక్తంలో మితిమీరును. ఈ రెండు కలయికలు నిషిద్ధములు. బోసెంటాన్ గర్భస్థ శిశువుకు హానికరం. అదే సమయంలో గర్భనిరోధక మాత్రల బలాన్ని సైతం అది తగ్గించును. కేవలం మాత్రలను నమ్ముకొన్న స్త్రీకి ఈ సంగతి ముందుగా చెప్పకుండుట అన్యాయం.

ఇంత చదివి భయపడి మందులు మానివేయుట అన్నిటికన్న పెద్ద పొరపాటు. సిరలోనికి నిరంతరంగా ఎక్కించు ఎపోప్రోస్టెనాల్ రక్తంలో కొద్ది నిమిషాలకు మించి నిలువదు. అది అకస్మాత్తుగా ఆగినచో ప్రాణాపాయం. మేము కోరునది మానివేయుట కాదు, తెలియజేయుట.

చేయవలసినది స్వల్పం. రోగి వాడు ప్రతి మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ ఒకే కాగితంపై వ్రాయవలెను. అందులో అల్లోపతి మాత్రలే కాక యునానీ, ఆయుర్వేద మందులు, దుకాణంలో అడిగి కొన్న జలుబు మాత్రలు, బలపు మందులు కూడ చేర్చవలెను. ఏ వైద్యుని వద్దకు పోయినను, మందుల దుకాణానికి పోయినను ఆ కాగితాన్ని ముందుగా చూపవలెను. ఛాతీనొప్పితో ఆసుపత్రికి చేర్చినప్పుడు సిల్డెనాఫిల్ లేదా టడలాఫిల్ వాడుచున్న సంగతి మొదటి మాటగా చెప్పవలెను.

మన ఇండ్లలో చదువుకొన్న మొదటి తరం పలుచోట్ల మనమే. తాతగారి చీటీలు, అమ్మమ్మగారి మాత్రల డబ్బా చదివి చెప్పగలిగినవారము మనమే. విద్యార్థి మిత్రులారా, ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ డబ్బాను ఒకసారి తెరచి, ఆ కాగితం వ్రాసి రండు. సందేహం తోచినచోట వైద్యుని అడుగుటకు సంకోచింపకుడు.